పెన్ను తయారీలో బెజ్జం నేర్పిన పాఠాలు

(మన బ్యాంకు సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో 'ఉద్యోగ విరమణ తర్వాత ఒక వ్యాపకం' అన్న అంశంపై ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన మనిషి చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సర్వీసు కబుర్లు మొదలుపెడతాడు. మొదటి బ్రాంచి దగ్గర ఎత్తుకుంటే చివరి బ్రాంచికి వచ్చేసరికి భోజనాలు చల్లారిపోతాయి. నేను ఆ పని చేయను. నాకు ఇచ్చిన సమయమంతా ఒక బెజ్జం గురించే మాట్లాడతాను. 7 మిల్లీమీటర్ల బెజ్జం. పెన్ను లోపల ఉండేది.

మాది రాజమండ్రి దగ్గర పల్లె. మా ఇళ్లలో పెన్నంటే రత్నం పెన్ను. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో కె.వి. రత్నం గారు 1930లలో రాజమండ్రిలో మొదలుపెట్టిన పని అది. ఆయన చేసి పంపిన పెన్ను అందుకుని గాంధీగారు 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. లేతు మీద ఒక్కొక్కటిగా తయారయ్యే ఎబొనైట్ పెన్నులవి. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి, వేడిచేసి గట్టిపరిచిన పదార్థం. మా నాన్నగారి చొక్కా జేబులో అలాంటి పెన్ను ఒకటి ఎప్పుడూ ఉండేది. నేను బ్యాంకులో చేరాక ముప్పై ఆరేళ్లు పెన్నుతోనే బతికాను గానీ, అది లోపల ఎలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు. కౌంటర్ మీద దారం కట్టిన పెన్ను పోయిందా లేదా అన్నంత వరకే మన ఆలోచన.

రిటైరైన ఏడాది మా ఊళ్లో నాన్నగారి ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. పంపకాల దగ్గర మాటా మాటా వచ్చింది. తప్పు ఎవరిదన్నది ఇప్పుడు అనవసరం. రెండేళ్ల పాటు అన్నయ్యకూ నాకూ మధ్య పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగున్నావా" అనడం తప్ప వేరే మాట లేదు. మా అక్కయ్యకు ఇది బెంగ. ఇల్లు కూల్చేటప్పుడు ఆవిడ వెళ్లి, వీధి గుమ్మం ద్వారబంధంలోంచి ఒక టేకు చెక్క తెచ్చి దాచింది. మిగతా ద్వారబంధమంతా చెదలు తినేసింది. మిగిలిన ఆ ముక్క పది అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, అరంగుళం కంటే కాస్త ఎక్కువ మందం. అంతే.

నేను చిన్న లేతు కొనుక్కుని పెన్నులు నేర్చుకుంటున్నానని విని, అక్కయ్య ఆ ముక్క పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఒరేయ్, ముగ్గురికీ తలా ఒక పెన్ను చెయ్యరా. అమ్మ పసుపు రాసిన గుమ్మం అది" అంది. ఆ చెక్క కొలిచి చూస్తే నాలుగు పెన్నులకు సరిపోతుంది. మూడు కావాలి, ఒకటి అదనం. ఇంకేం అనుకున్నాను. నాకప్పటికి ఈ పని వచ్చి రెండు నెలలు. బజారులో కొన్న చెక్కలతో నాలుగైదు పెన్నులు చేశాను, అవి కుదిరాయి కూడా. రెండు నెలల అనుభవం చాలా ప్రమాదకరమైనది. కొత్తగా క్యాష్ సీట్లో కూర్చున్న కుర్రాడికి రెండో నెలలోనే తేడా వస్తుంది చూడండి, మొదటి నెలలో రాదు. ఇదీ అంతే.

ఇంట్లో చేసుకునే పెన్ను ఎలా ఉంటుందో ముందు చెబుతాను. మొన, క్లిప్పు, రీఫిల్‌ని తిప్పే మర లాంటి లోహపు భాగాలన్నీ కిట్‌గా అమ్ముతారు. వాటితో పాటు రెండు ఇత్తడి గొట్టాలు ఉంటాయి. మనం చేసేది గొట్టాల మీది తొడుగు. చెక్కను నలుచదరపు కడ్డీగా కోసి, రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క మధ్యలో నిలువునా బెజ్జం వేస్తాం. అందులో గొట్టాన్ని అతికిస్తాం. తర్వాత రెండు ముక్కల్నీ సన్నని ఇనప కడ్డీకి గుచ్చి, లేతు మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కుతాం. నేను చేసే సన్న రకం పెన్నులో గొట్టం లావు 7 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 53. చెక్కడం పూర్తయ్యాక చివర్ల దగ్గర పెన్ను లావు 8 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే ఇత్తడి మీద మిగిలే చెక్క మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. మనం చూసి మెచ్చుకునే చెక్క అంతా ఆ పలుచని పొరే. లోపల బెజ్జం సరిగా లేకపోతే ఆ పొర నిలవదు.

ఇక నా తప్పులు.

మొదటి కడ్డీ తీసుకున్నాను. చెక్క వృథా కాకూడదని 54 మిల్లీమీటర్లకే కోశాను, గొట్టం కంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. పై ముక్క బాగానే వచ్చింది. కింది ముక్కకు బెజ్జం వేస్తున్నప్పుడు, చివరికి వచ్చేసరికి టప్‌మని శబ్దం. తీసి చూస్తే కింది అంచు చిట్లి, బెజ్జం పక్క నుంచి పొడుగాటి పేడు ఒకటి ఊడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఇది కొత్తవాళ్లందరూ చేసే తప్పు. బిట్ చెక్కలో ఉన్నంతసేపూ దాని కింద చెక్క ఆనుగా ఉంటుంది. చివరి రెండు మిల్లీమీటర్లలో ఆ ఆను ఉండదు. మనం అదే బలంతో నొక్కుతూ ఉంటే, బిట్ ఆ పలుచటి పొరను కోయదు, తోసేస్తుంది. నివారణ సులువే. ముక్కను గొట్టం కంటే కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ కోసుకోవాలి. చివర చిట్లినా ఆ మేరకు తీసేయవచ్చు. ముక్క కింద పనికిరాని చెక్క ఒకటి గట్టిగా ఆనించి పెట్టాలి. చివరికి వచ్చామని తెలిసేలా బిట్ మీద ముందే టేప్ చుట్టుకోవాలి. ఆ గుర్తు దగ్గర పడగానే చెయ్యి తేలిక చేయాలి. ఇంకా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. ముక్కను పొడుగ్గా ఉంచి, బెజ్జం అవతలికి పోకుండానే ఆపేసి, తర్వాత ఆ చివర రంపంతో కోస్తే బెజ్జం శుభ్రంగా బయటపడుతుంది. బిట్ బయటికి రాకపోతే చిట్లే ప్రసక్తే లేదు. నేను ఒక మిల్లీమీటరు ఆదా చేయబోయి ముక్క మొత్తం పోగొట్టుకున్నాను.

రెండో కడ్డీ. ఈసారి 57 మిల్లీమీటర్లు కోశాను. కింద చెక్క పెట్టాను. చిట్లలేదు. గొట్టాలు అతికించి, మర్నాడు లేతు మీద పెట్టాను. కింది ముక్క చక్కగా వచ్చింది. పై ముక్క తిప్పుతుంటే మూడు వైపులా గుండ్రం తేలింది, నాలుగో వైపు ఒక చివర బల్లపరుపుగానే ఉండిపోయింది. ఇంకాస్త చెక్కాను. ఉప్పుకాగితం వేసి రుద్దుతుంటే అక్కడ ఇత్తడి తళుక్కుమంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. మా ఆవిడ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. నాలుగు పెన్నుల చెక్కలో రెండు పోయాయి. కావలసినవి మూడు. అక్కయ్యకు ఫోన్ చేసి చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ గుమ్మం ఇంకెక్కడా దొరకదు.

మర్నాడు ఆ ముక్కలూ, బిట్టూ చేతిసంచిలో వేసుకుని రాజమండ్రి వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా ఎబొనైట్ పెన్నులు చేస్తున్న మేస్త్రీగారు ఒకాయన అక్కడ నాకు తెలుసు. నేను నా మిషన్ గురించి, దాని స్పీడు గురించి చెప్పబోతుంటే ఆయన చెయ్యి చాపి, "ముందు బిట్టు ఇలా ఇవ్వండి" అన్నారు. వెలుగులోకి పట్టి మొన చూశారు. తర్వాత పాడైన ముక్క తిప్పి చూసి ఒక్క మాట అన్నారు. "కన్నం వంకర కిందకొచ్చాక కనబడద్దండి. కానీ అది పుట్టేది పైనే."

బ్యాంకు మనిషికి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. సాయంత్రం క్యాష్ కట్టేటప్పుడు తేడా కనిపిస్తుంది. అది జరిగింది మాత్రం పొద్దున్న పదకొండు గంటలకు, మనం ఎవరితోనో మాట్లాడుతూ నోట్లు లెక్కపెట్టినప్పుడు. సాయంత్రం ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా పొద్దుటి తప్పు దిద్దుకోదు. లేతు మీద నేను ఎంత నేర్పుగా ఉలి పట్టినా, ముందు రోజు వేసిన బెజ్జాన్ని అది బాగుచేయలేదు. నేను వారం రోజులుగా ఉలినీ, లేతునూ అనుమానిస్తున్నాను. దొంగ అక్కడ లేడు.

ఆయన చూపించిన కారణాలు మూడు.

మొదటిది, ముక్క నిటారుగా లేకపోవడం. నేను ముక్కను వైస్‌లో బిగించేటప్పుడు దాని పక్కన ఇంతంత పొట్టు ఇరుక్కుని ఉండాలి. ముక్క 3 డిగ్రీలు వాలింది. కంటికి తెలియదు. కానీ 57 మిల్లీమీటర్ల లోతుకు వెళ్లేసరికి 3 డిగ్రీల వంపు 3 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. కావాలంటే ఇక్కడున్న పదో తరగతి పిల్లలు లెక్కగట్టి చూడండి. నా కడ్డీ మందం 14 మిల్లీమీటర్లే. మధ్య నుంచి అంచుకు 7. అందులో 3 తీసేస్తే మిగిలింది 4. గొట్టం సగం లావు మూడున్నర. ఇక చెక్కకు మిగిలింది అర మిల్లీమీటరు. అది ఉప్పుకాగితానికే చెల్లు. లావు కడ్డీ అయితే ఈ తప్పు దాక్కుంటుంది. బజారు చెక్కలు 19, 20 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి నా మొదటి పెన్నులు కుదిరాయి. నాకు పనితనం వచ్చి కాదు.

కాబట్టి బిగించే ముందు వైస్ పళ్ల మధ్య బ్రష్‌తో తుడవాలి. ముక్కను దాని కింది కోత మీద నిలబెట్టి అదే నిటారు అనుకోకూడదు, ఆ కోత వంకరగా ఉండవచ్చు. మూలమట్టం తెచ్చి రెండు వైపులా పెట్టి చూడాలి, ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి. ఒకవైపు చూసి వదిలేస్తే సగం పనే.

రెండోది, బిట్ మొదలయ్యే చోటు. ముక్క చివర మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటు నడిమధ్య. అక్కడ పంచ్‌తో చిన్న గుంట చేయాలి. పొడుగాటి బిట్‌ని నేరుగా దించితే అది ముందు తడబడుతుంది, మెత్తటి చోటు వెతుక్కుంటుంది. టేకులో గట్టి చారా మెత్తటి చారా పక్కపక్కనే ఉంటాయి. బిట్ గట్టి చార మీద జారి మెత్తటి దానిలోకి దిగుతుంది. అక్కడ దిగిందంటే ఇక చివరిదాకా అదే దారి. అందుకని ముందు పొట్టిగా, మొద్దుగా ఉండే సెంటర్ డ్రిల్‌తో నాలుగైదు మిల్లీమీటర్ల లోతు దారి వేయాలి. పొట్టిది కనుక అది వంగదు. ఆ దారిలో తర్వాత పొడుగు బిట్ బుద్ధిగా నడుస్తుంది.

మూడోది విన్నప్పుడు నాకు సిగ్గేసింది. బిట్ మొన మొద్దుబారితే నేనే ఇంట్లో గ్రైండర్ మీద పెట్టి సానపట్టాను. మొనకు రెండు వైపులా ఉండే అంచులు సమానంగా ఉండాలి. నా చేతిలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయింది. అలాంటి బిట్ బెజ్జాన్ని పెద్దది చేస్తుంది, పక్కకూ లాగుతుంది. 7 అని దాని మీద ముద్ర ఉన్నా అది వేసేది 7 కాదు. "సాన పెట్టడం రాకపోతే కొత్తది కొనుక్కోండి. చెక్క కంటే బిట్టే చవక" అన్నారు మేస్త్రీగారు. ఆ చెక్క ఏ గుమ్మానిదో నేను ఆయనకు అప్పటికి చెప్పలేదు.

చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగిలినవి ముట్టుకోకండి. పనికిరాని చెక్కలో ఇరవై బెజ్జాలు వేసి, ఇరవైనీ నిలువునా కోసి చూసుకుని, అప్పుడు ముట్టుకోండి" అన్నారు.

అలాగే చేశాను. వేప, జామ, పాత మంచం కోడు, ఏది దొరికితే అది. బెజ్జం వేయడం, రంపంతో నిలువునా చీల్చి లోపల చూడడం. అలా చీల్చి చూస్తే గానీ మనం ఏం చేశామో మనకు తెలియదు. మొదటి ఆరింటిలో నాలుగు వంకర. ఒక బెజ్జం గోడలు నల్లగా మాడి ఉన్నాయి. అది వేస్తున్నప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, ఏదో మాడుతోంది, నా పొయ్యి మీద కాదు" అని అరిచింది. ఆ మాట వల్ల ఇంకో పాఠం తెలిసింది.

బెజ్జం వేసేటప్పుడు పొట్టు బిట్ గాళ్ల వెంబడి పైకి రావాలి. ఆపకుండా నొక్కితే పొట్టు లోపలే కూరుకుపోతుంది. రాపిడికి వేడి పుడుతుంది. వేడికి గట్టి చెక్కలు సన్నగా నెర్రెలిస్తాయి. ఆ నెర్రె అప్పుడు కనిపించదు, పెన్ను పూర్తయి మెరుగు పెట్టాక కనిపిస్తుంది. అందుకని పది మిల్లీమీటర్లు దిగగానే బిట్ పూర్తిగా పైకి తీసి, పొట్టు దులిపి, మళ్లీ దించాలి. లోతుకు పోయేకొద్దీ ఇంకా తరచుగా తీయాలి. వాసన వచ్చినా, కీచుమని శబ్దం వచ్చినా ఆపేయాలి. చెక్కకు నేను నిమిషానికి 1500 చుట్ల వేగం పెడతాను. అక్రిలిక్ అయితే 500కు తగ్గిస్తాను. అది మాడదు, కరుగుతుంది. కరిగి బిట్‌కు అంటుకుని, చల్లారి, బిట్‌ని బెజ్జంలోనే పట్టేస్తుంది. ఎబొనైట్ వేడెక్కితే గంధకం వాసన వస్తుంది. అది వచ్చిందంటే మనం తొందరపడుతున్నామని అర్థం.

ఎబొనైట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కిట్ లేకుండా చేసే ఇంకు పెన్నుల్లో బెజ్జం అవతలికి పోదు. గొట్టానికి అడుగు ఉండాలి, లేకపోతే ఇంకు నిలవదు. బిట్ కొన శంకువులా ఉంటుంది కాబట్టి, లోతు కొలిచేటప్పుడు ఆ కొనను కూడా కలిపి లెక్కవేయాలి. అది మరిచిపోయి అడుగు పొడిచేసుకున్న కొత్తవాళ్లు చాలామంది. మరలు కోయాల్సిన చోట బెజ్జం కొలత ఇంకా ముఖ్యం. 10 మిల్లీమీటర్ల లావు, 1 మిల్లీమీటరు ఎడం ఉన్న మరకు ముందు వేయాల్సిన బెజ్జం 9. పదో పదిన్నరో వేస్తే మర పట్టడానికి పదార్థమే ఉండదు.

బెజ్జం అయ్యాక గొట్టం. గొట్టం వేలితో నెడితే లోపలికి జారాలి, కానీ గలగలలాడకూడదు. బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టవద్దు, చెక్క చీలుతుంది. బిట్‌ని మళ్లీ ఒకసారి నెమ్మదిగా దించి తీస్తే చాలు. వదులుగా ఉంటే పలుచని జిగురు పనికిరాదు. రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ వాడాలి, అది ఖాళీని నింపుతుంది. గొట్టం నున్నగా ఉంటే జిగురు పట్టదు, ముందు ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. జిగురు గొట్టం లోపలికి పోకుండా చివర్లలో కొవ్వొత్తి మైనం అదిమితే మంచిది. ఇంకో సంగతి, పచ్చి ఆరని చెక్కలో ఈరోజు బెజ్జం వేసి వారానికి గొట్టం దూర్చుదామంటే దూరదు. చెక్క ఆరుతూ లాగుకుని బెజ్జం కోలగా అవుతుంది. బాగా ఆరిన చెక్కే వాడాలి, బెజ్జం వేసిన రోజే గొట్టం అతికించాలి.

పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ ఒక మాట. ముక్కను చేత్తో పట్టుకుని బెజ్జం వేయడం ఎప్పుడూ చేయవద్దు. బిట్ పట్టేసిందంటే ముక్క గిర్రున తిరిగి వేళ్లు విరగ్గొడుతుంది. వైస్‌లో బిగించాలి. చేతికి గ్లౌజులు వద్దు, తిరిగే వాటి దగ్గర అవి రక్షణ కాదు, ప్రమాదం. చున్నీ, పైట కొంగు, పొడుగు చేతులు, వదులు జడ, ఉంగరాలు ఏవీ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. చక్ బిగించిన తాళం చక్‌లోనే వదిలి స్విచ్ వేయకండి, అది తూటాలా ఎగిరి వస్తుంది. ఇది నేను ఒకసారి చేశాను. గోడకు సొట్ట ఇంకా ఉంది. మా ఆవిడ దాన్ని పూడ్పించనివ్వలేదు, గుర్తుండాలని.

సరే, ఇరవై బెజ్జాలు ఇరవై ఆరయ్యాయి. చివరి ఎనిమిదీ తిన్నగా వచ్చాయి. అప్పుడు మూడో కడ్డీ తీశాను. తుడిచాను, మూలమట్టం పెట్టాను, గీతలు గీశాను, దారి వేశాను, కొత్త బిట్ పెట్టాను. నాలుగు ముక్కలకు బెజ్జాలు వేయడానికి ఒక పూట పట్టింది. ఇదివరకు పదిహేను నిమిషాల్లో అయ్యేది. నాలుగూ బాగా వచ్చాయి. రెండు పెన్నులు తయారయ్యాయి.

మూడో పెన్ను మాటేమిటి? ఆ సంగతి పనిలో ఉన్నప్పుడు నాకు తట్టలేదు. పాడైన ముక్కలు పారేయలేక ఒక డబ్బాలో పెట్టాను. ఒకరోజు వాటిని వరసగా బల్ల మీద పెట్టి చూస్తే అర్థమైంది. మొదటి కడ్డీలో పోయింది కింది ముక్క. రెండోదానిలో పోయింది పై ముక్క. అంటే మొదటిదాని పై ముక్కా, రెండోదాని కింది ముక్కా నిక్షేపంగా ఉన్నాయి. రెండూ కలిపితే ఒక పెన్ను. ఒకే కడ్డీ నుంచి వచ్చిన ముక్కల చారలు పై నుంచి కిందికి గీత గీసినట్టు కలుస్తాయి. ఇందులో కలవవు, నడుమ దగ్గర విరిగినట్టు ఉంటాయి. కానీ రాస్తుంది. చెక్క అదే గుమ్మానిది.

కొత్తగా నేర్చుకునే వాళ్లకు ఇదీ చెప్పాలి. బెజ్జం తప్పిందని అప్పటికప్పుడు చెత్తబుట్టలో వేయకండి. పేడు ఊడితే వెతికి పట్టుకుని అతికించవచ్చు. బెజ్జం మరీ పక్కకు పోతే అదే చెక్కతో గుండ్రటి మేకు చేసి జిగురుతో పూడ్చి, ఆరాక మళ్లీ వేయవచ్చు. ఏదీ కుదరకపోతే ఒక మూల దాచండి. కోపం తగ్గాక చూస్తే దేనికి పనికొస్తుందో తెలుస్తుంది.

సంక్రాంతికి అక్కయ్య ఇంట్లో ముగ్గురం కలిశాం. మూడు పెన్నులూ పళ్లెంలో పెట్టి ఇచ్చింది అక్కయ్య. చారలు కలవనిది నేను ముందే నా జేబులో పెట్టుకోబోతే ఆపి, "అది ఎందుకలా ఉంది?" అని అడిగింది. చెప్పాను. పాడు చేసిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. అన్నయ్య ఏమీ అనలేదు. మంచి రెండింటిలో ఒకటి తీసుకుని, కాగితం మీద సంతకం పెట్టి చూసి, "బరువుగా ఉంది" అన్నాడు. అంతే. నాకు కాస్త చివుక్కుమంది. నేను దానికి పడ్డ పాటు ఆయనకేం తెలుసు అనుకున్నాను.

రెండు నెలలకు ఒక రాత్రి ఫోన్ మోగింది. అన్నయ్య. ఇల్లు అమ్మిన తర్వాత ఆయన నాకు తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు. "ఒరేయ్, ఈ పెన్నులో ఏ రీఫిల్ పడుతుందిరా? ఇక్కడ కొట్లో వాడు ఇచ్చినవేవీ పట్టట్లేదు" అన్నాడు. రీఫిల్ అప్పుడే అయిపోయిందా అన్నాను. "రామకోటి మొదలుపెట్టాను. దీంతోనే రాస్తున్నా" అన్నాడు.

అందులో పట్టేది సన్నటి క్రాస్ రకం రీఫిల్. ఆ మాట ఫోన్లోనే చెప్పేయవచ్చు. చెప్పలేదు. "రేపు నేనే తెస్తాను" అన్నాను. పది రీఫిళ్ల పొట్లం పట్టుకుని వెళ్లాను. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరం ఆ ఇంటి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం, అమ్మకం సంగతి తప్ప. అది కూడా ఎప్పుడో మాట్లాడుకుంటాం. ఆ మధ్యాహ్నం నాకు అంత తొందర అనిపించలేదు.

రామకోటి పూర్తవడానికి అన్నయ్యకు ఇంకా చాలా రీఫిళ్లు కావాలి. నెలకోసారి నేనే వెళ్లి ఇచ్చి వస్తున్నాను.

ఇవాళ నా చారలు కలవని పెన్నూ, చీల్చి చూసిన బెజ్జాల చెక్కలూ తెచ్చాను. బయట భోజనాల పక్కన బల్ల మీద ఉన్నాయి. పిల్లలు వచ్చి చూడవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. వంకర బెజ్జాలకు ఎర్ర చుక్క పెట్టాను, తిన్నవాటికి పచ్చ చుక్క. ఎర్ర చుక్కలే ఎక్కువ ఉన్నాయి, లెక్కపెట్టి నన్ను అడగవద్దు.